వెల్ల ఆరని స్తూపాలు

ఖాట్మండు లోయలో పడ్డ వాననీరు బయటికి పోవాలంటే దారి ఒక్కటే. చుట్టూ కొండలు. వాగులూ ఏర్లూ అన్నీ దిగివచ్చి బాగ్మతిలో కలుస్తాయి. బాగ్మతి దక్షిణంగా సాగి, చోభార్ అనే ఊరి దగ్గర సున్నపురాతి గుట్టను నిలువునా చీల్చుకుని ఇరుకు గండిలోంచి లోయ దాటిపోతుంది. స్కాట్లండ్‌లో చేయించి తెచ్చి 1903లో బిగించిన ఇనుప వేలాడే వంతెన ఆ గండి మీద ఇప్పటికీ ఉంది. దాని మీద నిలబడి కిందికి తొంగిచూసే వాళ్లకు అక్కడివాళ్లు ముందుగా చెప్పే సంగతి, ఈ గండిని నది కోయలేదని. కత్తితో నరికారట.

కత్తి మంజుశ్రీది, పేరు చంద్రహాసం. స్వయంభూ పురాణం చెప్పే కథలో ఈ లోయంతా ఒకప్పుడు నాగులు కాపురమున్న సరస్సు. విపశ్యి బుద్ధుడు అందులో ఒక తామర గింజ వేశాడు. అది మొలిచి పూసింది. పువ్వు నడుమ ఎవరూ వెలిగించని జ్యోతి వెలిగింది. దాన్ని చూడటానికి చీనా దేశం నుంచి వచ్చిన మంజుశ్రీ, మామూలు మనుషులు కూడా దగ్గరికి వెళ్లి మొక్కుకోవాలనుకుని ఒక్క వేటుతో కొండను నరికి నీళ్లు వదిలేశాడు. నీరు తీసేశాక పొలాలు తేలాయి, ఊళ్లు వెలిశాయి. జ్యోతి ఉన్న చోటు గుట్టగా మిగిలింది.

పురాణమే కదా అని కొట్టిపారేయడానికి లేదు. ఇక్కడ నిజంగానే సరస్సు ఉండేదనీ, వేల ఏళ్ల కిందట అది ఖాళీ అయిందనీ భూగర్భ శాస్త్రజ్ఞులూ చెబుతారు. సరస్సు అడుగున పేరుకున్న నల్ల బంకమట్టిని నేపాలీలు కాలీమాటీ అంటారు. ఆ పేరుతో ఒక పేటే ఉంది, నగరానికి కూరగాయలు దిగే పెద్ద బజారు అక్కడిదే. మట్టి, ఇసుక పొరలు కలిపి కొన్నిచోట్ల వందల మీటర్ల మందాన ఉన్నాయి. పంటకు ఇంతకు మించిన నేల లేదు. భూమి కంపించినప్పుడు మాత్రం ఇంతకు మించిన శత్రువు లేదు, కింద రాతిలో పుట్టిన కుదుపును ఈ మెత్తటి మట్టి పెంచి పైకి పంపుతుంది. 1934 జనవరిలో అదే జరిగింది, 2015 ఏప్రిల్‌లోనూ అదే జరిగింది. ఇలాంటి నేల మీద పదిహేను వందల ఏళ్లుగా స్తూపాలు నిలబడి ఉన్నాయంటే, వాటిని ఎంత గట్టిగా కట్టారో అని అబ్బురపడటం సహజం. అడగాల్సిన ప్రశ్న వేరు: ఎన్నిసార్లు కట్టారు?

జ్యోతి వెలిగిన ఆ గుట్టే నగరానికి పడమట ఉన్న స్వయంభూనాథ్. తూర్పు వైపు నుంచి నిట్టనిలువుగా మెట్లున్నాయి. 365 అంటారు. లెక్క సరిచూడాలని బయలుదేరినవాళ్లు సగం దారిలో ఆయాసంతోనో, చేతిలోని అరటిపండు కోతి లాక్కుపోవడంతోనో అంకె మరిచిపోతారు. పై మెట్టు ఎక్కగానే ఎదురయ్యేది స్తూపం కాదు, రాతి పీఠం మీద అడ్డంగా పెట్టిన పెద్ద బంగారు పూత వజ్రాయుధం. 17వ శతాబ్దంలో ఖాట్మండును ఏలిన ప్రతాప మల్లుడు పెట్టించింది. ఈ రాజు సామాన్యుడు కాదు. 1658లో వానలు లేక జనం అల్లాడుతుంటే, స్తూపానికి ఉత్తరాన ఎప్పుడూ మూసి ఉండే శాంతిపురం అనే తాంత్రిక గర్భగృహంలోకి తానే దిగి, నాగుల రక్తంతో రాసిన మండలాన్ని బయటికి తెచ్చి వాన కురిపించానని శాసనం వేయించుకున్నాడు. జ్యోతిని రాళ్లతో కప్పి దాని మీద స్తూపం కట్టిన శాంతికరాచార్యుడు ఆ గర్భగృహంలో ఇప్పటికీ ధ్యానంలోనే ఉన్నాడని నమ్మకం. తలుపుకు తాళం ఉంటుంది.

స్తూపం దగ్గరికి వచ్చేసరికి తెలుగు యాత్రికుడి కన్ను కొంచెం తడబడుతుంది. అమరావతి, నాగార్జునకొండ, శాలిహుండం, తొట్లకొండ చూసిన కన్ను అది. దానికి తెలిసిన స్తూపం ఇటుకల చక్రం, పచ్చగడ్డి, పురావస్తు శాఖ నీలం బోర్డు. బొమ్మలన్నీ మ్యూజియంలో ఉంటాయి. ఇక్కడ స్తూపం తెల్లగా సున్నం కొట్టుకుని, మీద పసుపు నీళ్ల చారలతో, చుట్టూ దీపాల మసితో, నూనె మరకలతో, బియ్యపు గింజలతో, పావురాలతో మహా సందడిగా ఉంటుంది. పైగా అది చూస్తుంది కూడా. అండం మీది చదరపు హర్మికకు నాలుగు వైపులా బంగారు రేకు మీద జత కళ్లు గీసి ఉంటాయి. ముక్కు చోట మెలి తిరిగిన గీత ఒకటి. నేపాలీ అంకెల్లో ఒకటి అలాగే ఉంటుంది కనుక, సత్యం ఒక్కటేనని దానికి అర్థం చెబుతారు. సాంచీలో కళ్లు లేవు, అమరావతి శిల్పాల్లోని స్తూపాలకూ లేవు. అది నేపాలీల సొంత ఊహ.

కళ్ల పైన ఒకదాని మీద ఒకటి చిన్నవవుతూ పోయే పదమూడు వలయాలు బోధిసత్త్వుడు ఎక్కే పదమూడు భూములు. వాటి పైన గొడుగు, దాని మీద శిఖామణి. కింద అండం చుట్టూ గూళ్లలో తూర్పున అక్షోభ్యుడు, దక్షిణాన రత్నసంభవుడు, పడమట అమితాభుడు, ఉత్తరాన అమోఘసిద్ధి కూర్చుని ఉంటారు. అయిదోవాడైన వైరోచనుడి చోటు నడిమధ్య, అంటే స్తూపం కడుపులో. కానీ కడుపులో ఉన్నవాడికి దండం పెట్టుకునేదెలా? అందుకని తూర్పున అక్షోభ్యుడి పక్కనే ఆయనకూ ఒక గూడు కట్టారు. సిద్ధాంతానికీ భక్తుడి సౌకర్యానికీ మధ్య ఇంత నెమ్మదిగా కుదిరిన రాజీ అరుదు. ఆంధ్ర దేశపు స్తూపాల్లోనూ నాలుగు దిక్కులకు ప్రాధాన్యం ఉంది. ఒక్కో దిక్కున ముందుకు పొడుచుకువచ్చిన వేదిక, దాని మీద అయిదేసి ఆయక స్తంభాలు. బుద్ధుడి జీవితంలోని అయిదు ఘట్టాలకు అవి గుర్తులని పండితులంటారు. ఆ ఆయకాలు హిమాలయాల దాకా రాలేదు. దిక్కుకొక బుద్ధుడు మాత్రం ఇక్కడ స్థిరపడ్డాడు.

స్తూపం పక్కనే రెండంతస్తుల చిన్న గుడి హారతీదేవిది. లోయలోని నేవారులకు ఆమె అజిమా, అంటే అమ్మమ్మ. మశూచి రాకుండా పిల్లల్ని కాపాడే తల్లి. హిందువులని, బౌద్ధులని తేడా లేకుండా చంటిపిల్లల్ని ఎత్తుకుని వరసలో నిలబడతారు. స్తూపం దగ్గర కంటే ఇక్కడే రద్దీ ఎక్కువ కనిపించే రోజులున్నాయి. కృష్ణా తీరాన నాగార్జునకొండలోనూ ఇక్ష్వాకుల కాలంలో హారతికి గుడి ఉండేది. బౌద్ధం మోక్షం గురించి ఎంత మాట్లాడినా పిల్లల జ్వరం సంగతి మరిచిపోలేదు.

ఇక ఎన్నిసార్లు కట్టారన్న ప్రశ్న. గోపాలరాజ వంశావళి ఈ స్తూప స్థాపనను లిచ్ఛవి రాజు వృషదేవుడికి ఆపాదిస్తుంది. అంటే సుమారు 5వ శతాబ్దం తొలి రోజులు. 1349లో బెంగాల్ సుల్తాన్ షంసుద్దీన్ ఇలియాస్ సైన్యం లోయ మీద పడి స్వయంభూను బద్దలుకొట్టింది. 1372 నాటికి మళ్లీ లేపారు. 1504లో టిబెట్ నుంచి త్సంగ్‌ఞోన్ హేరుక అనే సంచార యోగి వచ్చి జీర్ణోద్ధరణ చేశాడు. మిలారేపా జీవిత కథను రాసింది ఈయనే. 1750లలో మరో టిబెటన్ గురువు, రిగ్జిన్ త్సెవాంగ్ నోర్బు పూనికతో నడిమి కొయ్య స్తంభాన్నే మార్చారు. స్తూపం గుండెలోంచి శిఖరం దాకా పోయే ఆ మాను లేకపోతే పైన బరువంతా నిలబడదు. ఇంత పొడుగు మాను అడవిలో వెతికి, నరికి, లోయకు ఈడ్చుకొచ్చి, గుట్ట ఎక్కించి నిలబెట్టడం ఏళ్ల తరబడి సాగిన పని. ఆ ఏళ్లలోనే గోర్ఖా సేనలు లోయను చుట్టుముడుతున్నాయి. కోటల కోసం కొట్టుకునే రాజులు కూడా ఈ పనికి అడ్డుపడకపోగా తలా ఒక చెయ్యి వేశారు. మొన్నమొన్న, 2008 నుంచి 2010 దాకా, కాలిఫోర్నియాలోని ఒక టిబెటన్ ధ్యానకేంద్రం ఖర్చు పెట్టుకుని శిఖరానికి 20 కిలోల బంగారంతో కొత్త పూత వేయించింది.

స్తూపం విప్పేటప్పుడు అందులోని దేవతల గతేమిటి? నేవారు పూజారులైన వజ్రాచార్యులకు దీనికి పద్ధతి ఉంది. స్తూపంలోని శక్తిని మంత్రంతో నీళ్ల కలశంలోకి దించి, పని పూర్తయ్యేదాకా కలశానికే పూజ చేస్తారు. కొత్త కట్టడం లేచాక తిరిగి అందులోకి పంపుతారు. యాదగిరిగుట్టలో 2016 నుంచి 2022 దాకా బాలాలయంలో స్వామిని దర్శించుకున్నవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. కళాకర్షణ చేసి కుంభంలోకి తీసుకోవడం, గుడి పూర్తయ్యాక మళ్లీ మూలవిరాట్టులోకి పంపడం మనకూ తెలిసిన పనే. ఇటుక పాతబడుతుంది, మాను పుచ్చుతుంది, లోపలున్నది చోటు మారి తిరిగొస్తుంది. ఈ ఏర్పాటు ఉన్నందుకే పాతదాన్ని విప్పడానికి ఇక్కడివాళ్లు భయపడలేదు.

అమరావతి కథ ఈ గుట్ట మీద గుర్తుకొస్తే కలుక్కుమంటుంది. శ్రీలంకలో కాండీ దగ్గరి గడలదెనియ శాసనం 1344 నాటిది. ధాన్యకటకంలో, అంటే అమరావతిలో, ఒక రెండంతస్తుల ప్రతిమాగృహాన్ని ధర్మకీర్తి అనే సింహళ స్థవిరుడు బాగు చేయించాడని అందులో ఉంది. అమరావతిలో నమోదైన చివరి మరమ్మతుల్లో అదొకటి. స్వయంభూను పగలగొట్టింది ఆ తర్వాత అయిదేళ్లకు. పగిలింది ఇది, మరుగున పడింది అది. 15వ శతాబ్దంలో చిట్టగాంగ్ నుంచి బయలుదేరిన వనరత్నుడనే పండితుడు సింహళం వెళ్లి, ధాన్యకటక మహాచైత్యం దగ్గర కొంతకాలం సాధన చేసి, అక్కడి నుంచి టిబెట్‌కూ నేపాల్‌కూ నడిచి, 1468లో ఇక్కడే కన్నుమూశాడు. ఆయన తర్వాత ఆ దారి పాడుబడింది. 18వ శతాబ్దం చివరికి అమరావతి స్తూపం దీపాలదిన్నె అనే పేరున్న మట్టిదిబ్బ. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త ఊరు కట్టిస్తుంటే రాళ్ల కోసం తవ్వారు. 1797లో కాలిన్ మెకంజీ వచ్చి చూసేసరికి పలకలు బయటపడుతున్నాయి. ఆ తర్వాత అవి మద్రాసుకూ లండన్‌కూ వెళ్లిపోయాయి. వెంకటాద్రి నాయుడిని తిట్టుకోవడం తేలిక. నాలుగు వందల ఏళ్లుగా వెల్ల వేసే చేతులు లేకపోవడమే అసలు నష్టం.

బాగ్మతి దాటి పాటన్‌లో అడుగుపెడితే స్తూపాల్లో అన్నింటికంటే నిరాడంబరమైనవి కనిపిస్తాయి. ఊరికి నాలుగు దిక్కులా నాలుగు గడ్డి గుట్టలు. అశోకుడే వచ్చి కట్టించాడని ఊరి నమ్మకం. ఖాట్మండు వైపు చాబహిల్‌లో ఉన్న స్తూపం ఆయన కూతురు చారుమతి కట్టించిందట. ఆమె ఇక్కడి దేవపాలుడనే క్షత్రియుణ్ణి పెళ్లాడి ఉండిపోయిందని కథ. అశోకుడు ఈ లోయకు వచ్చాడనడానికి శాసన సాక్ష్యం లేదు. ఆయన జాడ దొరికింది కింద, తరాయి మైదానంలో. లుంబినీ స్తంభం అందరికీ తెలిసిందే. దానికి దగ్గర్లోని నిగాలీ సాగర్ స్తంభం గురించి అంతగా మాట్లాడుకోరు. పట్టాభిషేకమైన పద్నాలుగో ఏట కనకముని బుద్ధుడి స్తూపాన్ని రెండింతలు పెంచానని అందులో అశోకుడు చెప్పుకున్నాడు. అంటే హిమాలయ పాదాల దగ్గర స్తూపం గురించి దొరికిన అతి పాత రాతల్లో ఒకటైన ఇది కూడా కొత్తగా కట్టడం గురించి కాదు. అప్పటికే ఉన్నదాన్ని పెంచడం గురించి.

అసలు స్తూపమంటే చితాభస్మం మీద పోసిన దిబ్బే. కుశీనగరంలో బుద్ధుడి చితి ఆరాక ధాతువుల కోసం రాజులు కత్తులు దూయబోతే, ద్రోణుడనే బ్రాహ్మణుడు మధ్యవర్తిగా నిలిచి ఎనిమిది వాటాలు వేశాడు. ఎనిమిది స్తూపాలు లేచాయి. అశోకుడు వాటిలో ఏడింటిని తెరిపించి ధాతువుల్ని దేశమంతా పంచాడనీ, ఎనిమిదోదైన రామగ్రామ స్తూపం దగ్గర మాత్రం నాగులు అడ్డుకున్నారనీ బౌద్ధ కథలు చెబుతాయి. రామగ్రామం నేపాల్ తరాయిలోనే ఉంది. గడ్డి మొలిచిన ఆ గుట్ట గర్భాన్ని ఇప్పటికీ ఎవరూ తెరవలేదు. మన వైపు భట్టిప్రోలులో 1892లో అలెగ్జాండర్ రీ రాతి కరండాల్ని బయటికి తీశాడు. వాటి మీది బ్రాహ్మీ అక్షరాలు తెలుగు లిపి పుట్టుక గురించి మాట్లాడే ప్రతివాళ్లకూ మొదటి మెట్టయ్యాయి. స్తూపాన్ని విప్పి చదువుకున్నది మనం. చుట్టూ తిరుగుతున్నది వీళ్లు.

బౌద్ధనాథ్‌లో ఆ తిరగడాన్ని కళ్లారా చూడొచ్చు. నగరానికి ఈశాన్యంగా, చుట్టూ గుండ్రంగా ఇళ్లు కట్టుకున్న నడివాకిట్లో 36 మీటర్ల ఎత్తున లేచిన తెల్లటి అండం. టిబెట్ నుంచి వచ్చే వర్తకులు ఒకప్పుడు ఇక్కడే మూటలు దించేవారు. కనుమలు దాటి ప్రాణాలతో వచ్చినందుకూ, తిరిగి ప్రాణాలతో దాటాలనీ మొక్కుకునేవారు. సాయంత్రమైతే వాకిలంతా జనం, అందరి నడకా ఒకే వైపు. జపమాల తిప్పుతూ నడిచే టిబెటన్ ముసలమ్మలు, కాలేజీ కుర్రాళ్లు, మెరూన్ వస్త్రాల భిక్షువులు, ఫోన్‌లో బేరాలాడే వ్యాపారులు, చంటిపిల్లను వీపున కట్టుకున్న తమాంగ్ తల్లులు. మధ్యమధ్య ఎవరో ఒకరు పలక మీద సాష్టాంగపడి, లేచి, మళ్లీ పడుతూ సాగుతారు. గోడ గూళ్లలోని మణిచక్రాలు చేతులు తగిలి గిర్రున తిరుగుతుంటాయి. ఎదురు నడిచేది కొత్తగా దిగిన విదేశీయుడొక్కడే. అయిదు నిమిషాల్లో అతడూ ప్రవాహంలో కలిసిపోతాడు. ప్రదక్షిణ ఎటు చేయాలో తెలుగువాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఈ స్తూపానికి పుట్టుకథలు రెండు, అవి ఒకదాన్నొకటి పట్టించుకోవు. టిబెటన్ల కథలో కోళ్లు పెంచుకునే పేద ముసలమ్మ రాజును అడిగింది, స్తూపం కట్టడానికి ఎద్దు చర్మమంత నేల ఇవ్వమని. రాజు సరేనన్నాడు. ఆమె చర్మాన్ని సన్నటి దారాలుగా కోసి, వాటిని కలిపి, వాటితో చుట్టినంత నేల తీసుకుంది. మంత్రులు గోలపెట్టినా రాజు అన్న మాట వెనక్కి తీసుకోలేదు. పని సగంలో ఉండగా ఆమె చనిపోతే కొడుకులు పూర్తిచేశారు. వాళ్లే తర్వాతి జన్మలో టిబెట్ రాజు త్రిసోంగ్ దెట్సెన్, శాంతరక్షితుడు, పద్మసంభవుడు తదితరులుగా పుట్టారట. అంటే టిబెట్‌కు బౌద్ధం రావడానికి మూలం ఈ కోళ్ల ముసలమ్మే. నేవారుల కథలో ముసలమ్మ లేదు, తండ్రిని చంపిన రాజకుమారుడున్నాడు. ఎండిపోయిన నీటి ధార మళ్లీ రావాలంటే ఉత్తమ లక్షణాలున్న మనిషి బలి కావాలని తేలింది. ముసుగేసుకుని పడుకున్నవాడి తల నరికెయ్యమని రాజు కొడుకునే పంపాడు. కొడుకు నరికాక చూస్తే ముసుగు కింద తండ్రి. ఆ పాపం పోవడానికి కట్టిందే ఈ స్తూపం. అప్పుడు లోయలో కరువు. రాత్రిళ్లు బట్టలు పరిచి, తెల్లవారి వాటిని పిండి, ఆ మంచునీళ్లతో అడుసు తొక్కారట. చరిత్రకారుల దగ్గరా ఏకాభిప్రాయం లేదు. మానదేవుడని కొందరు, శివదేవుడని కొందరు. 5, 6 శతాబ్దాల మధ్య ఎక్కడో అని సరిపెట్టుకోవాలి.

రెండు కథల్లోనూ లేని మూడో ఘట్టం ఒకటుంది. మధ్యయుగంలో ఎప్పుడో బౌద్ధనాథ్ కూడా దీపాలదిన్నె అయింది. మట్టి కప్పేసి ఉత్త దిబ్బగా మిగిలింది. 16వ శతాబ్దం మొదట్లో శాక్య సంగ్‌పో అనే టిబెటన్ లామా వచ్చి, ఇదే ఆ స్తూపమని గుర్తుపట్టి, మట్టి తొలగించి బాగు చేయించాడు. ఆయన పరంపర లామాలు ఉత్తరాన యోల్మో లోయలో స్థిరపడి చాలాకాలం దీని బాగోగులు చూశారు. దిబ్బను చూసినవాడికి అందులో రాళ్లు కనిపించాయా, స్తూపం కనిపించిందా అన్నదానితోనే అమరావతి దారీ బౌద్ధనాథ్ దారీ విడిపోయాయి.

1959 తర్వాత టిబెట్ వదిలి వచ్చిన శరణార్థులు ఈ చుట్టుపక్కల గుడారాలు వేసుకున్నారు. పొలాల మధ్య చిన్న ఊరుగా ఉన్న చోటు రెండు తరాల్లో మఠాలతో, తివాచీల దుకాణాలతో, థంకా చిత్రకారులతో, మిద్దె మీది కాఫీ హోటళ్లతో నిండిపోయింది. 2015 ఏప్రిల్ 25 భూకంపంలో అండం నిలిచింది గానీ శిఖరం పగిలింది. హర్మిక నుంచి పైదంతా విప్పి కొత్తగా కట్టాల్సి వచ్చింది. 2016 నవంబర్ 22న మళ్లీ తెరిచారు. 30 కిలోలకు పైగా బంగారం పట్టింది. ఖర్చంతా భక్తులూ బౌద్ధ సంఘాలూ ఇచ్చిన విరాళాలే. లోయలో చాలా గుళ్లు అప్పటికింకా పరంజాల మీదే ఉన్నాయి. టెండర్లు, అనుమతులు, ఏ ఇటుక ఏ కాలానిదన్న వాదాలు ప్రభుత్వ పనుల్ని లాగుతుంటే, రోజూ చుట్టూ తిరిగేవాళ్లున్న కట్టడం ముందు లేచింది.

ఇక్కడి టిబెటన్లలో పెద్దవాళ్లను పలకరించి ఆంధ్ర నుంచి వచ్చామంటే కొందరికి వెంటనే తడుతుంది. కాలచక్ర తంత్రాన్ని బుద్ధుడు మొదట బోధించింది ధాన్యకటక స్తూపం దగ్గరేనని టిబెట్ సంప్రదాయం. 1416లో లాసా దగ్గర వెలిసిన ద్రెపుంగ్ మహావిహారానికి పేరు పెట్టింది ఆ ధాన్యకటకాన్ని తలుచుకునే. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర దీక్ష ఇచ్చినప్పుడు వేల మంది ఈ కొండల నుంచి దిగి గుంటూరు జిల్లా ఎండలోకి వచ్చారు. మనం శిథిలమని చూసేది వాళ్లకు ఇప్పటికీ యాత్రాస్థలం.

బౌద్ధనాథ్‌ను చూసి వెళ్లి తమ ఊళ్లో అలాంటిదే కట్టుకున్నవాళ్లూ ఉన్నారు. తూర్పు భూటాన్‌లోని చోర్టెన్ కోరా 1740లో లేచింది. కట్టించిన లామా నేపాల్ వచ్చి స్తూపం నమూనాను ముల్లంగి దుంపలో చెక్కి పట్టుకుపోయాడట. వారాల నడకలో ముల్లంగి వాడి ముడుచుకుపోయింది. అందుకే చోర్టెన్ కోరా అచ్చం బౌద్ధనాథ్‌లా ఉండదని అక్కడివాళ్లే నవ్వుతూ చెబుతారు. పోలిక తేడా ఉందని పుణ్యం తగ్గదు. మొదటి నెల పున్నమికి సరిహద్దుకు ఇవతల తవాంగ్ నుంచి కూడా జనం నడిచి వెళ్లి తిరిగొస్తారు.

ఎవరెస్టు వైపు వెళ్లడానికి లుక్లాలో విమానం దిగి ఖుంబూ దారి పట్టాక స్తూపాలు చిన్నవవుతాయి, ఎక్కువవుతాయి. షెర్పాలకు అవి చోర్టెన్‌లు. ఊరి ముందొకటి, వంతెన పక్కనొకటి, దారి మలుపులో ఒకటి. చదరపు పీఠం భూమి, అండం నీరు, వలయాలు నిప్పు, గొడుగు గాలి, కొనన ఉన్న బిందువు ఆకాశం. పంచభూతాలు అలా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. లోపల నడిమి కొయ్య, దాని చుట్టూ మంత్రాలు రాసి చుట్టిన కాగితాలు, ధాన్యం, మట్టితో అచ్చుపోసిన త్సా త్సా అనే బుల్లి స్తూపాలు. చనిపోయినవాళ్ల బూడిద కలిపి వాటిని చేయడమూ ఉంది. బుద్ధుడి జీవితంలోని ఎనిమిది ఘట్టాలకు ఎనిమిది రూపాలు. నిచ్చెనలున్నది దేవలోకం నుంచి సాంకాశ్యంలో దిగివచ్చిన ఘట్టానిది, మెట్లు లేక గంటలా ఉన్నది పరినిర్వాణానిది. తెలిసినవాడికి దూరం నుంచే అది ఏ కథో తెలిసిపోతుంది. మిగతావాళ్లకు అది దారిగుర్తు, గాలికి అడ్డం, బరువు దించి కాసేపు ఆగే చోటు.

తెంగ్‌బోచే మఠం ముంగిట్లోని చోర్టెన్ దగ్గర ఆగితే ఎవరెస్టు, లోత్సే, అమా దబ్లాం ఒక్కసారే కనిపిస్తాయి. మఠం 1916లో పుట్టింది, 1934 భూకంపంలో కూలింది, తిరిగి కట్టిందాన్ని 1989లో మంటలు మింగాయి, 1993లో మళ్లీ తెరిచారు. ఇప్పుడున్న భవనం మూడోది. నామ్చే పైన దారిలో 2003లో కట్టిన చోర్టెన్‌ది భిన్నమైన సందర్భం. తేన్జింగ్ నార్గే ఎవరెస్టు ఎక్కి యాభై ఏళ్లైనందుకు ఆయన పేరునా, ఆ కొండల్లో పనిచేసిన షెర్పాల పేరునా కట్టారు. బుద్ధుడి ఘట్టాలను చెప్పే రూపాన్ని కూలి కోసం కొండలెక్కిన మనుషులకూ ఇచ్చారు.

ఇంకా పైకి, ఎవరెస్టు బేస్ క్యాంపు దారిలో థుక్లా ఏటవాలు ఎక్కితే సుమారు 4,800 మీటర్ల ఎత్తున విశాలమైన మిట్ట ఒకటి ఉంది. దాని నిండా రాళ్లు పేర్చి కట్టిన స్మారకాలు, వాటి మధ్య రంగు జెండాల తాళ్లు. 1996లో పోయిన స్కాట్ ఫిషర్‌ది ఒకటి. అదనపు ఆక్సిజన్ లేకుండా శిఖరం మీద 21 గంటలు గడిపి, 2001లో మంచు పగులులో పడి చనిపోయిన బాబు చిరి షెర్పాది మరొకటి. ఒంటి మీద బలం లేక అడుగుకో మాటు ఆగుతూ పైకి వచ్చిన యాత్రికులు పలకల మీది పేర్లు చదవాలని అడ్డదిడ్డంగా వాటి మధ్యకు పోతుంటారు. గైడులు ఆ అలసటను ఏమీ అనరు, ఫొటోలు తీసుకోనిస్తారు. ఎడమ వైపు నుంచి రాకుండా కుడి వైపు నుంచి దూరినవాణ్ణి మాత్రం వెనక్కి పిలిచి, చుట్టు తిప్పి పంపుతారు.